పాత బండికి చల్లగాలి

మన పాఠశాల యావరణములో ప్రార్థనామందిరమునకు పడమటి ప్రక్కనున్న రేకుల కొట్టములో తెల్లని అంబాసిడరు కారొకటి యుండుట మన చదువరులందఱు నెఱిగినదే. అది 1970వ సంవత్సరపు బండి. ఆ కాలపు ఉపాధ్యాయులు తమ జీతములనుండి నెలనెల కొంత తీసి ప్రోగుచేయగా, తక్కిన సొమ్మును మిషనువారు వేసి దానిని కొనిరి. కొన్న ప్రయోజన మొక్కటే: వసతిగృహమున జబ్బుపడిన పిల్లలను పట్టణములోని ఆసుపత్రికి చేర్చుట. అర్ధశతాబ్దము గడచినను ఆ బండి నేటికిని ఆ పనినే చేయుచున్నది. ఈ సంవత్సరము పూర్వవిద్యార్థులు కొందఱు దానికి శీతలయంత్రమును, అనగా ఏర్ కండిషనరును, తమ ఖర్చుతో నమర్పింతుమని ముందుకు వచ్చిరి. అంతట పాఠశాలలో రెండు పక్షము లేర్పడినవి. బండిని వచ్చినది వచ్చినట్లుగానే కాపాడవలెనని యొక పక్షము. ఎక్కువారి సుఖమును చూడవలెనని మఱియొక పక్షము. ఉపాధ్యాయుల గదిలోను, తలిదండ్రుల సభలోను ఈ చర్చ జరుగుచునే యున్నది. కావున ఈ విషయమై మా యభిప్రాయమును సంచికాముఖమున తెలుపుట యుచితమని తలచితిమి.

ఇది చిన్న తగవుగా కనబడవచ్చును. పాత బండికి చల్లగాలి పెట్టిననేమి, మానిననేమి యని నవ్వినవారును కలరు. కాని దీని వెనుక ఒక మనిషి యున్నారు. మన పాఠశాలలో ముప్పదియైదేండ్లు విజ్ఞానశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న మాష్టరుగారొకరికి మూత్రపిండములు పనిచేయుట మానినవి. వారు వారమునకు మూడు మాఱులు ఆసుపత్రికి పోయి యంత్రముద్వారా రక్తమును శుద్ధిచేయించుకొనవలయును. దానినే డయాలసిస్ అందురు. ఆసుపత్రి నలువది కిలోమీటర్ల దూరమున నున్నది. అట్టి రోగి మితముగా నీరు త్రాగవలెను. ఏలయన, త్రాగిన నీటిని వెలుపలికి పంపు శక్తి యాతని మూత్రపిండములకు లేదు. అది యొంటిలో నిలిచి గుండెకును ఊపిరితిత్తులకును ముప్పు తెచ్చును. ఆరోగ్యవంతుడు ఎండలో దప్పిగొన్నచో చెంబెడు నీరు త్రాగి తేఱుకొనును. ఈ రోగికి ఆ యూరటయును లేదు.

గత మే నెలలో నొకనాటి మధ్యాహ్నము మాష్టరుగారు ఆసుపత్రినుండి తిరిగి వచ్చుచుండగా రైలుగేటుకడ బండి చాలసేపు నిలిచిపోయినది. నెత్తిమీద ఇనుప కప్పు, ముందు యింజను వేడి, కిటికీలనుండి వడగాలి. వారు తడిగుడ్డను పెదవుల కద్దుకొనుచు మాటలాడక కూర్చుండిరి. డ్రైవరు మనసాగక నీళ్లసీసా నందింపగా, "వద్దు నాయనా, నేటి లెక్క ప్రొద్దుటనే యైపోయినది" అని త్రిప్పి యిచ్చిరి. ఆనాడు బండిలో వెంటనున్న పూర్వవిద్యార్థియే ఈ ప్రతిపాదనకు కారకుడు. మాష్టరుగారు మాత్రము దీని నంగీకరింపలేదు. "నా కొఱకై ఆ బండిని కోయవలదు. నేను పోయిన తరువాతకూడ అది తిరుగవలసినది" అని వారి వాదము. తొలి జీతమునుండి ఆ బండికి చందా వేసిన చేయి వారిది.

అద్దెకారు తీసికొనరాదా, 108 వాహనము లేదా యని యడుగువారికి ముందుగా సమాధానము చెప్పుదుము. 2005లో మన రాష్ట్రమున ప్రారంభింపబడిన 108 సేవ ఆపద్వేళల కుద్దేశింపబడినది. ఊపిరాడని మనిషియున్నచోట మన బండికొఱకు చూడక ఆ వాహనమునే పిలువవలెను. వారమునకు మూడుసార్లు జరుగు రాకపోకలకు దానిని వాడుట న్యాయము కాదు. అద్దెకారన్నచో నెలకు పదుమూడు మాఱులు పోయిరావలెను. ఒక పింఛనుదారు కది భారము. మఱియు ఆ బండి మాష్టరుగారి కొక్కరికే కాదు. వేసవి సెలవులకు ముందు జ్వరపడు వసతిగృహపు పిల్లలు, కంటి శస్త్రచికిత్సకు పోవు వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు ఎందఱో దానిలో పోవుచున్నారు.

ఇక మొదటి యాక్షేపణను చూతము. పాత కాలపు బండికి క్రొత్త కాలపు సుఖమును తగిలించుట అపచారమని కొంద ఱందురు. మన పెద్దలు వేసవిని ఊరక సహించినవారు కారు. గుమ్మములకు వట్టివేళ్ల తట్టీలు కట్టి నీరు చిలికించి, వాటిగుండ వచ్చు గాలిని లోనికి రప్పించుకొనిరి. 1930వ దశకమున అమెరికావారు ఎండప్రాంతములలో ఈ యుపాయమునే కారు కిటికీకి తగిలించిరి. నీటితో తడిసిన మెత్తగల గొట్టమొకటి కిటికీకి వ్రేలాడుచుండును. బండి పరుగెత్తునపుడు గాలి దానిగుండ దూరి చల్లబడి లోనికి వచ్చును. పొడి ప్రాంతములలోనే అది పనిచేయును. మన కోస్తా ఉక్కలో నిష్ప్రయోజనము.

నిజమైన శీతలయంత్రమును కారులో నమర్చి యమ్మినవారిలో ప్యాకార్డు కంపెనీవారు మొదటివారు. 1939లో షికాగో ప్రదర్శనమున దానిని చూపి, 1940వ సంవత్సరపు కార్లలో కోరినవారికి 274 డాలర్ల అదనపు వెలకు అమర్చి యిచ్చిరి. దాని చల్లబఱచు భాగము వెనుక సామానుపెట్టెలో చాల చోటాక్రమించెడిది. దానిని ఆపవలెనన్నచో బండిని నిలిపి, యింజను మూత యెత్తి, బెల్టును చేతితో తీసివేయవలెను! 1941 తరువాత వారా ప్రయత్నమును విరమించిరి. తరువాత 1950వ దశకమున టెక్సాసు మొదలగు వేడి ప్రాంతములలో, కంపెనీ నుండి యంత్రము లేకుండ వచ్చిన కార్లకు తరువాత యంత్రము లమర్చు పనివారు బయలుదేరిరి. 1954లో న్యాష్ కంపెనీవారు యంత్రమంతయు ముందుభాగముననే యిముడునట్లు చేసిరి. మన అంబాసిడరుకే తరువాతి కాలపు రకములలో నిర్మాతలు శీతలయంత్రము నమర్చి యిచ్చిరి. అందుచే పాత కారునకు చల్లదనము చేర్చుట యనునది ఇప్పుడు పుట్టిన విపరీతము కాదు. ఎనుబదియేండ్లకు పైబడిన చరిత్ర దానికి కలదు.

రెండవ యాక్షేపణ యంత్రశాస్త్రమునకు సంబంధించినది. దీనిని మేము తేలికగా త్రోసివేయజాలము. విద్యార్థులకు సుబోధకమగుటకై యంత్రము పనిచేయు తీరును కొంచెము వివరింతుము. మట్టికుండలోని నీరు చల్లబడుట మీ రెఱుగుదురు. కుండ పైతడి ఆవిరియగుచు తనకు కావలసిన వేడిని కుండనుండి లాగికొనును. శీతలయంత్రములోను ఇదే ధర్మము. తేడా యేమనగా, కుండతడి గాలిలో కలిసిపోవును. యంత్రములోని ద్రవము మఱల మఱల తిరిగివచ్చును. నేడు చాల కార్లలో వాడు ఆర్-134ఏ యను పదార్థము మామూలు వాయుపీడనమున సున్నకు 26 డిగ్రీలు దిగువనే మఱగిపోవును. అది బండి లోపలి చల్లని గొట్టముల చుట్టలో ఆవిరియై లోనిగాలి వేడిని పీల్చుకొనును. యింజనుచే త్రిప్పబడు కంప్రెసరు ఆ యావిరిని గట్టిగా నొక్కి వేడెక్కించి, రేడియేటరు ముందున్న కండెన్సరుకు పంపును. అచ్చట బయటిగాలి తగిలి అది వేడిని విడిచి మఱల ద్రవమగును. అనగా యంత్రము చల్లదనమును పుట్టించుట లేదు. లోని వేడిని మోసికొనిపోయి బయట పాఱవేయుచున్నది.

ఈ మోతకు కూలి యెంత? శీతలయంత్రముల శక్తిని టన్నులలో కొలుతురు. 24 గంటలలో 2,000 పౌనుల మంచుగడ్డ కరగుటకు వలయు వేడిని తొలగింపగల శక్తియే యొక టన్ను. అది సుమారు మూడున్నర కిలోవాట్లు. ఊరక కూర్చున్న మనిషి దేహమునుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడును. అట్టివారైదుగురు బండిలో నున్నచో అర కిలోవాటు. నడిమధ్యాహ్నపు టెండ చదరపు మీటరునకు సుమారు ఒక కిలోవాటు. యింజనువేడియు, సందులలో దూరు వడగాలియు వేఱు. ఈ వేడినంతను మోయుటకు కంప్రెసరు యింజనునుండి రెండు మొదలు ఐదు అశ్వశక్తుల వఱకు తీసికొనును. మన బండి యింజను 1,489 ఘన సెంటీమీటర్లది. క్రొత్తనాడే దాని బలము సుమారు 50 అశ్వశక్తులు. ఇప్పుడంత యుండునని యెవరును ప్రమాణము చేయజాలరు. కావున చల్లగాలి వేసినపుడు ఎత్తురోడ్డున బండి వెనుకాడును, పెట్రోలు కొంత హెచ్చుగా త్రాగును, నిలిచియున్నపుడు యింజను ఆగిపోవ జూచును. ఇది సత్యము. కాని మన ప్రయాణము పల్లపు నేలలో, మందగమనముతో. మాష్టరుగారి కావలసినది వేగము కాదు.

యింజను బలముకంటె ముఖ్యమైనవి రెండు కలవు. ఒకటి రేడియేటరు. కండెన్సరు దానికి ముందు నిలుచుటచే రేడియేటరునకు తగులు గాలి యదివఱకే వేడెక్కి యుండును. ఏండ్లతరబడి తుప్పును సున్నమును పేరుకొనిన రేడియేటరైనచో, రైలుగేటుకడ నిలిచిన బండిలో నీరు మఱుగుట నిశ్చయము. అప్పుడు రోగికి చల్లగాలియు లేదు, బండియు లేదు! రెండవది విద్యుచ్ఛక్తి. ఆ కాలపు బండ్లలోని డైనమో మంచి వేగమున తిరుగునపుడుకూడ 20 ఆంపియర్లకు కొంచె మటునిటుగా మాత్రమే ప్రవాహము నిచ్చును. బండి నిలిచి యింజను మెల్లగా తిరుగునపుడు దాదాపు ఏమియు నియ్యదు. రాత్రివేళ దీపములకే యెనిమిది ఆంపియర్లు కావలెను. ఇగ్నిషనుకు నాలుగు. లోని ఫ్యానుకు పది, కండెన్సరు ఫ్యానుకు పది, కంప్రెసరు పట్టునకు నాలుగు. కూడి చూడుడు. ఆదాయము ఇరువది, ఖర్చు ముప్పదియాఱు! ఇట్టి సంసారము బ్యాటరీ యప్పుమీద రెండు ప్రయాణములు సాగి మూడవనాడు ఆగిపోవును. కావున డైనమోకు బదులు ఆల్టర్నేటరు వేయక తప్పదు. పూర్వపు బ్రిటిషు పద్ధతి బండ్లలో బ్యాటరీ ధనధ్రువమును చట్రమునకు కలుపువాడుక కలదు. నేటి పరికరములు ఋణధ్రువము చట్రమున కున్నవి. ఏది యెట్లున్నదో మొదటనే చూచుకొనక పని మొదలుపెట్టరాదు.

మూడవ యాక్షేపణ వాయువును గూర్చినది. మన పదవతరగతి విద్యార్థి యొకడే దీనిని లేవనెత్తెను, అందుకు సంతోషించితిమి. పూర్వము కార్లలో ఆర్-12 అను వాయువును వాడిరి. అది మంటపట్టదు, విషము కాదు, కాన మహోపకారియని యందఱును పొగడిరి. 1974లో మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞు లిరువురు, అట్టి వాయువులలోని క్లోరిను పైయాకాశమునకు చేరి, సూర్యుని హానికరకిరణములనుండి భూమిని కాపాడు ఓజోను పొరను చెఱచునని చూపిరి. 1985లో దక్షిణధ్రువముపై ఆ పొర చాల పలుచబడుట లోకమునకు తెలిసినది. 1987లో మాంట్రియలులో ప్రపంచదేశములు ఒడంబడికచేసికొని వాటిని క్రమముగా మానుకొనినవి. తరువాత వచ్చిన ఆర్-134ఏలో క్లోరిను లేదు, ఓజోనునకు చెఱుపు లేదు. ఐనను అది భూతాపమును పెంచుటలో, తూకమునకు తూకముగా, బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1,400 రెట్లు బలమైనది. ఒక కారులో పట్టు 700 గ్రాములను గాలిలోనికి వదలివేసినచో, అది సుమారు 1,000 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువుతో సమానము. అనగా 400 లీటర్లకు పైబడిన పెట్రోలును ఊరక కాల్చినట్లు. అందుచేతనే 2016లో కిగాలీ నగరమున దేశములు వీనినికూడ తగ్గింప నొప్పుకొనినవి. మన దేశము 2021లో దానిని ధ్రువపఱచినది. కావున గొట్టములు వాయువును చెమర్పనివియై యుండవలెను. మరమ్మతు చేయునపుడు వాయువును "ఉస్సు"మని వదలక, దానిని పట్టి నిలువచేయు యంత్రము గల పనివానికడకే పోవలెను. చౌకయని వంటగ్యాసు వంటి మండు వాయువులను నింపువారికడకు పోరాదు. రోగి కూర్చుండు బండిలో అట్టి చౌకతనము ప్రాణాంతకము.

నాల్గవ యాక్షేపణ చట్టమునకును చరిత్రకును సంబంధించినది. ఇది అన్నిటికంటె గట్టిది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన పాత బండ్లకు ప్రత్యేకమైన నమోదునిబంధనలు చేసినది. చట్రమును, బాడీని, యింజనును మార్పక మొదటి రూపమున నిలుపుకొన్న బండికి "వీఏ" యను అక్షరములతో ప్రత్యేక సంఖ్య నిత్తురు. కాని యట్లు నమోదైన బండి నిత్యము తిరుగరాదు. ప్రదర్శనములకు, మరమ్మతులకు, అట్టి కొన్ని పనులకు మాత్రమే రోడ్డెక్కవలెను. చరిత్రపక్షమువారు మన బండిని ఈ విధముగా నమోదుచేయించి కొట్టములో నుంచి, వార్షికోత్సవమునాడు బయటికి తీయుదమందురు. వారి ప్రేమను మేము తప్పుపట్టము. ఇట్టి బండ్లు నానాటికి తగ్గిపోవుచున్నవి. ఉత్తరపాడలో 1957, 58 ప్రాంతమున మొదలైన అంబాసిడరు నిర్మాణము 2014లో నిలిచిపోయినది. పోయినది మఱల రాదు.

కాని మే మడుగున దేమనగా, ఆ బండి మొదటి రూపమన నేమి? తెల్లని రంగును, గుండ్రని ముఖమును మాత్రమేనా? ఆనాటి ఉపాధ్యాయులు అలంకారమునకై దానిని కొనలేదు. నడువలేనివానిని ఆసుపత్రికి చేర్చుట కొఱకు కొనిరి. ఆ పనియు దాని మొదటి రూపములోని భాగమే. రంగు నిలిచి పని పోయినచో సగము చరిత్ర పోయినట్లే. దారిలో గాయపడి పడియున్నవానిని సమరయుడు తన వాహనముపై నెక్కించుకొనిన కథను మన చిన్నపిల్లలుకూడ చెప్పగలరు. ఆతడు జీను మాసిపోవునేమోయని ఆలోచించిన ట్లెచ్చటను లేదు.

ఐనను చరిత్రపక్షమువారి మాటలో మేము తప్పక తీసికొనవలసిన దొకటి కలదు. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్యయగు ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిను ప్రకటనములో, పాత బండికి మార్పు చేయక తప్పనిచో ఆ మార్పు కొద్దిపాటిదిగాను, మఱల తీసివేయుటకు వీలైనదిగాను ఉండవలెననియు, చేసినదంతయు వ్రాసి యుంచవలెననియు సూచింపబడినది. ఇది మంచి నీతి. నేడు మనకు రోగి ముఖ్యము. ముప్పదియేండ్ల తరువాత ఈ బండి నిజముగా ప్రదర్శనశాలకు చేరవలసిన దినము రావచ్చును. అప్పటివారి చేతులు మనము కట్టివేయరాదు. కోసిన రేకు మఱల మొలవదు. బిగించిన బోల్టు విప్పవచ్చును.

ఐదవ యాక్షేపణ మా మనస్సును బాధించినది. వసతిగృహములో పిల్లలు రేకుల క్రింద నిద్రించుచుండగా కారునకు చల్లగాలి యేమని యొక తల్లి సభలో లేచి యడిగెను. ఆమెకు ప్రత్యుత్తర మిచ్చుటకు ఎవరును లేవలేదు. మేమిప్పుడు చెప్పుచున్నాము: ఆమె యడిగినది న్యాయము. వసతిగృహపు సొమ్ములో నొక్క రూపాయియైనను ఈ పనికి పోరాదు. అంతే కాదు, పూర్వవిద్యార్థులు ముందుగా వసతిగృహపు కప్పుకు తెల్లసున్నము పూయించి, ఎండను వెనుకకు కొట్టునట్లు చేయవలెను. దాని కగు ఖర్చు శీతలయంత్రపు ఖర్చుతో పోల్చిన మిక్కిలి కొంచెము. ఆ పని పూర్తియగువఱకు బండి పని మొదలు పెట్టరాదని మా దృఢాభిప్రాయము.

ఇన్నియు విచారించి, బండికి శీతలయంత్ర మమర్పవలసినదే యని మేము నిశ్చయించితిమి. కాని దానికి కొన్ని నియమములు కలవు. మొదటిది, వసతిగృహపు కప్పు. రెండవది, చల్లగాలికంటె ముందు బ్రేకులు, టైర్లు, సీటుపట్టీలు సరిచూడవలెను. చల్లగా కూర్చుండి ప్రమాదమున పడుటలో లాభము లేదు. మూడవది, రేడియేటరును శుభ్రపఱచి, ఆల్టర్నేటరు వేసి, క్రొత్త తీగెలు ఫ్యూజులతో వేఱుగా లాగి, ఒక వేసవినెల బండిని మామూలుగా నడిపి చూడవలెను. నాల్గవది, కప్పులోపలను తలుపులలోను వేడిని ఆపు మెత్తలు పఱచి, తలుపుల రబ్బరులు మార్చవలెను. దీనిచేతనే వేడి కొంత తగ్గును. చిన్న యంత్రముతో సరిపోవును. ఐదవది, చల్లబఱచు పెట్టె డాష్‌బోర్డునకు క్రింద వ్రేలాడునదిగా నుండవలెను, డాష్‌బోర్డును కోయరాదు. బండిలో నదివఱకే యున్న రంధ్రములను బోల్టులనే వాడుకొనవలెను. ఆఱవది, తీసిన ప్రతి పాత భాగమును, డైనమోతో సహా, నూనెరాచి, చీటికట్టి, పెట్టెలో నుంచవలెను. చేసిన పనినంతయు బొమ్మలతో నొక పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచవలెను; నమోదుపత్రములోని వివరములకు భంగము కలుగకుండ రవాణాశాఖవారిని ముందే సంప్రదింపవలెను. ఏడవది, ఆ చల్లగాలి రోగులకును వృద్ధులకును చెందును. అతిథులను సభలకు తోడ్కొనివచ్చుటకు బండిని పంపిన దినమున రోగికి బండి లేదను మాట వినబడరాదు.

వాడుకలోకూడ కొంత వివేకము కావలెను. ఎండలో మూసియుంచిన బండి లోపల గంటసేపటిలో బయటికంటె 20 డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. ఎక్కినవెంటనే కిటికీలు దించి వేడిగాలిని వెళ్లగొట్టి, పిదప యంత్రమును వేయవలెను. నీడను నిలిపిన బండికి సగము పని తగ్గును. చలికాలమందుకూడ నెలకు రెండు మూడు మాఱులు పది నిమిషములు యంత్రమును త్రిప్పవలెను. లేనిచో కంప్రెసరు ముద్రలు ఎండి వాయువు కాఱిపోవును. మండుటెండనుండి వచ్చిన రోగిని ఒక్కసారిగా గడగడ వణకునట్లు చల్లబఱచుటయు మంచిది కాదు.

ఈ నియమములను మేము మాష్టరుగారికి చదివి వినిపించితిమి. వారు కన్నులు మూసికొని చివరివఱకు వినిరి. ఆల్టర్నేటరు లెక్కను మఱల నొకసారి చెప్పించుకొని, దీపములతోకూడ కూడితిరా యని ప్రశ్నించిరి. పిదప, "విప్పుటకు వీలుగా నుండునన్నచో నాకు తగవు లేదు. ఐతే విప్పునపుడును బిగించునపుడును పిల్లలను దగ్గఱ నిలువబెట్టుడు. ఆవిరియగుట వేడిని లాగికొనునని నల్లబల్లమీద వ్రాసి చెప్పితిని గాని, నా జీవితములో నొక్కసారియు వారికి చూపలేకపోతిని" అనిరి. కావున పై నియమముల కెనిమిదవది చేర్చితిమి: ఆ పని సెలవుదినములలో గాక బడిదినములలో, తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల యెదుట జరుగవలెను.

మా మాటతో ఏకీభవింపనివారు తప్పక మాకు వ్రాయుడని కోరుచున్నాము. న్యాయమైన ప్రతివాదమును ఈ పుటలలోనే ప్రకటింతుము. తలిదండ్రులును పూర్వవిద్యార్థులును చందాల విషయమై ప్రధానోపాధ్యాయుని కార్యాలయమును సంప్రదింపవలెను. వసతిగృహపు కప్పు పద్దును, బండి పద్దును వేఱువేఱుగా వ్రాయుదురు. విజ్ఞానసంఘపు బాలురును బాలికలును ఉష్ణమాపకమును తీసికొని, మెత్తలు పఱచకముందును పఱచిన తరువాతను, యంత్రము వేయకముందును వేసిన తరువాతను, వసతిగృహపు కప్పుక్రిందను బండిలోపలను వేడిని కొలిచి వ్రాసియుంచవలెను. దేవుని చిత్తమైనచో వచ్చు సంవత్సరపు సంచికలో ఆ లెక్కలను ప్రకటింతుము. అప్పటికి మాష్టరుగారును వాటిని చూచి, తప్పులున్నచో ఎఱ్ఱసిరాతో దిద్దుదురని నమ్ముచున్నాము.